అవును, తెలిసే చేస్తున్నా

గచ్చిబౌలి కంపెనీలు వద్దనుకున్న నలభై డబ్బాలు
సీటీసీ మూడో అంతస్తులో, మెట్ల పక్క గదిలో
ఒకదాని మీద ఒకటి.
ఒక్కోదాని కడుపులో నాలుగే నాలుగు జీబీలు.
యాకుత్‌పురా నుంచి బోరబండ దాకా
వార్డు లైబ్రరీలకు సోమవారం పోవాలి ఇవి.

శనివారం సాయంత్రం.
నేను, యాదగిరి, ఫర్హీన్,
మూత పెట్టని ఫ్లాస్కు, టై బిస్కెట్ల పొట్లం,
కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత:
ఇటు ఉండేవి, అటు పోయేవి.

కెర్నెల్ గురించి ఎవరూ మాట్లాడలేదు.
వేరుపడేటప్పుడు గోడల గురించి ఎవరు కొట్లాడతారు,
కొట్లాటంతా గిన్నెల దగ్గరే.

"నానో ఎందుకు? వీఐ ఉన్నది గద" అన్నాడు యాదగిరి.
ఫర్హీన్ తల తిప్పకుండానే,
"భయ్యా, మొదటిసారి వీఐలకు పోయి
బయటికెట్ల రావాల్నో తెల్వక
ప్లగ్గు పీకింది ఎవరు?"
నానో గీతకు ఇటు వచ్చింది.
రెండున్నర ఎంబీల జాలి.

ప్రింటర్ కోసం నేనొక్క ప్యాకేజీ అడిగాను.
పెళ్ళికి ఒక్కణ్ణి పిలిస్తే
మేనత్తలు, తోడల్లుళ్ళు, వాళ్ళ డ్రైవర్లతో సహా
డెబ్బై ముగ్గురు దిగారు.
అందులో ఒకడు బ్లూటూత్.
"సిఫార్సులు బంద్" అని
ఒకే ఒక్క వరస రాశాడు యాదగిరి.
ఈ ఊళ్ళో ఆ మాట అమలు కావడం
నేను చూసింది అక్కడొక్కచోటే.

ప్రపంచంలో గడియారాలన్నీ ఒక ఫోల్డర్లో ఉన్నాయి.
హోనోలులు పోయింది, లిమా పోయింది.
హైదరాబాదు కోసం వెతికాను. దానికి సొంత గంట లేదు,
కోల్‌కతా పేరు మీద నడుస్తుంది,
అద్దెకున్నవాడి కరెంటు బిల్లు
ఓనరు పేరున వచ్చినట్టు.

మ్యాన్ పేజీల దగ్గర గట్టిగానే అయింది.
"నెట్‌ల దొరుకుతయి."
"నెట్ ఎందుకు రాట్లేదో చదవనీకి
నెట్ కావాల్నా?"
తర్వాత చాలాసేపు ఫ్యాన్ చప్పుడు.

నాది చివర్న చెప్పాను, కొంచెం సిగ్గుగా.
తెలుగు ఫాంటు.
యాదగిరి నవ్వలేదు. అదే కష్టమనిపించింది.
"అక్కా, ఇది పునాది. ఈ నల్ల తెర మీద
ఫాంటు ఇచ్చినా ఒత్తులు కుదురుకోవు.
మీద మేడ కట్టేటోళ్ళు ఏసుకుంటరు."

బోరబండ లైబ్రేరియన్ కుముదిని గారి పెన్‌డ్రైవ్ ఉంది.
పెట్టి చూశాను.
ఫైలు పేరున్న చోట
ఖాళీ పెట్టెలు, వరసగా,
రాళ్ళు తీసిన అచ్చుల్లా.
దాన్ని అలాగే డిస్కులోకి కాపీ చేసి
అక్కణ్ణుంచి ఫర్హీన్ లాప్‌టాప్‌కి పంపాను.
"బాకీ పుస్తకాలు" అని తెరుచుకుంది.
నాగరత్నం, రెండు పుస్తకాలు, ఆగస్టు నుంచి.
ఒక్క గుడి, ఒక్క సున్నా రాలలేదు.

ఆ డబ్బాకి తెలుగు రాదు.
రాకపోయినా
తన చేతిలో పెట్టింది చెడగొట్టకుండా
చదవగలిగిన వాళ్ళకి అందించింది.
యూటీఎఫ్ ఎయిట్ ఇటు రాసి
ఫాంటుని నేనే కొట్టేశాను.
బాధేసింది, అబద్ధం ఎందుకు.

పదిన్నరకి వాచ్‌మన్ కింద షట్టర్ మీద కొడుతుంటే
యాదగిరికి ఇంకొక్కటి తీసేద్దామని ఆశ.
మెషీన్ ఒప్పుకోలేదు.
అవును, తెలిసే చేస్తున్నా అని
పూర్తి వాక్యం టైపు చెయ్యమంది.
తెలిసే, దాకా కొట్టి
చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.
బిస్కెట్ల పొట్లంలో పొడి మిగిలింది,
అరచేతిలో వంపుకుని నోట్లో వేసుకున్నాడు.

నాలుగు వందల పన్నెండు ఎంబీలు.
మొదటి డబ్బాకి స్విచ్ వేశాం.
ఎనిమిది సెకన్లలో లేచి
పేరు అడిగింది.

ముగ్గురం ఒకరి మొహాలొకరు చూసుకున్నాం.
ఇంత జాబితాలో
ఒక్క యూజర్ని కూడా పెట్టలేదు.